మన శనివారం కబుర్ల గది కిందికి దిగింది

బొమ్మల లైబ్రరీ సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి నెలా నా నుంచి మీకొచ్చేది కొత్త బొమ్మల పట్టిక. ఈసారి బొమ్మల సంగతి కాదు. శనివారం పూట మీరంతా కూర్చుని పిల్లల పెంపకం గురించి మాట్లాడుకునే గది సంగతి. అందులో ఏం మార్చాను, ఎక్కడ తప్పు చేశాను, ఇంకా ఏం సరిచేయలేకపోయాను, వచ్చే నెల నుంచి మీ చందా 30 రూపాయలు ఎందుకు పెరుగుతోంది, అన్నీ చెప్తాను. కొంచెం పొడుగే. పిల్లలు పడుకున్నాక చదవండి.

కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కలు. మాది విజయవాడలో బొమ్మలూ పిల్లల పుస్తకాలూ అద్దెకిచ్చే చిన్న షాపు. మొదట సింగ్‌నగర్‌లో, రోడ్డు మట్టానికే ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఊరి మీద పడ్డప్పుడు షాపు కూడా మునిగింది. చెక్క పజిళ్లు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. బట్ట పుస్తకాలు ఎన్నిసార్లు ఉతికినా బురద వాసన వదల్లేదు. ఆ భయంతోనే మళ్లీ షాపు పెట్టేటప్పుడు మొదటి అంతస్తు చూసుకున్నాను. అక్కడే ఒక గదిలో చాపలు పరిచి, శనివారం సాయంత్రం ఆరింటికి తల్లిదండ్రులు వచ్చి మాట్లాడుకోవచ్చని బోర్డు పెట్టాను. టీ ఖర్చు నాది, కబుర్లు మీవి.

బాగానే నడుస్తోందనుకున్నాను. పదీ పన్నెండు మంది వచ్చేవారు, నవ్వులు కింద వీధిలోకి వినిపించేవి. ఒక శనివారం ఫోన్ మోగింది. మన సభ్యురాలే, కింద మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీసి ఇరవై రోజులైందట. చంకలో బిడ్డ, భుజానికి సంచి. "అక్కా, పద్ధెనిమిది మెట్లున్నాయి, నా వల్ల కాదు. ఈ వారం బొమ్మలు కిందికి పంపిస్తారా?" అంది. నేను దిగేసరికి పైనుంచి వినిపిస్తున్న మాటల వైపు చూస్తూ నిలబడి ఉంది. బొమ్మల కోసం కాదు, ఆ మాటల కోసమే వచ్చిందని నాకప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి వచ్చేవాళ్ల పేర్లు రాసుకుని చూశాను. రెండేళ్లు దాటిన పిల్లల తల్లులే ఎక్కువ. మూడు నెలల్లోపు బిడ్డ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42, తెలంగాణలో 61 దాకా సిజేరియన్లే. దేశం మొత్తం మీద చూస్తే 22కి మించదు. అంటే మన దగ్గర కొత్త తల్లుల్లో సగానికి దగ్గరగా కుట్లు మానని పొట్టతో ఉంటారు. వాళ్ల కోసమని గది పెట్టి, దాన్ని పద్ధెనిమిది మెట్ల మీద పెట్టాను. నీళ్లెక్కకుండా బొమ్మల్ని కాపాడుకున్నాను గానీ, మెట్లెక్కలేని మనుషులు గుర్తుకు రాలేదు.

ఇప్పుడు కబుర్ల గది కింద ఉంది. కింది టైలరింగ్ షాపు ఆయన ముందు గదిని నెలకు 1,500 అద్దెకి మనకిచ్చారు, మనం కూర్చునే పూటలకి. బొమ్మలూ పుస్తకాలూ పైనే ఉంటాయి, మళ్లీ బుడమేరు వస్తే నేను తట్టుకోలేను. చాపలతో పాటు చేతులున్న కుర్చీలు నాలుగు వేశాను. కింద కూర్చుని లేవడం ఎంత కష్టమో ఆపరేషన్ అయినవాళ్లకే తెలుసు. ఒక మూల పాలిచ్చేవాళ్ల కోసం తెర కట్టాం. తెర గుడ్డ, కుట్టుకూలి రెండూ టైలర్‌గారివే. డబ్బిస్తే తీసుకోలేదు.

వేళ కూడా మార్చాను. సాయంత్రం ఆరు అనేది నాకు వీలైన వేళ, షాపులో రద్దీ తగ్గే వేళ. పసిపిల్లలు చిరాకుపడి ఏడ్చేదీ, ఇంట్లో వంట మొదలయ్యేదీ అప్పుడేనని నాకు తట్టలేదు. నాకూ ఇద్దరు పిల్లలు, అయినా తట్టలేదు! మిమ్మల్ని అడిగితే స్నానం, పాలు, నిద్ర అయ్యాక పదకొండు గంటలకైతే వస్తామని చెప్పారు. కాబట్టి రెండేళ్లలోపు బిడ్డలున్నవాళ్లకి ప్రతి శనివారం ఉదయం పదకొండుకి. బడికెళ్లే పిల్లలవాళ్లకి నెలలో మొదటి, మూడో ఆదివారాలు సాయంత్రం ఐదుకి. రెండూ కలిపి పెట్టినప్పుడు ఏం జరిగేదో వచ్చినవాళ్లకి తెలుసు. ఒకావిడ నాలుగు నెలల బాబు రాత్రి గంటకోసారి లేస్తున్నాడని చెప్పడం మొదలుపెడితే, రెండో నిమిషానికల్లా మాట ఒకటో తరగతి సీట్ల మీదికి, అక్కడినుంచి ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ మీదికి పోయేది. ఆ నాలుగు నెలల బాబు ఇంకా నిద్రపోనే లేదు, అప్పుడే వాడికి ర్యాంకు.

ఇక నా గురించి. ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు విని వెళ్లిపోతారని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. ఎవరా ముగ్గురు అని ఒక వారం ఫోన్‌లో టైమర్ పెట్టి కూర్చున్నాను. గంటలో ఇరవై రెండు నిమిషాలు నేనే మాట్లాడాను. వచ్చినవాళ్ల బాధ సగంలో ఆపి "మా పెద్దవాడప్పుడు కూడా ఇంతే" అని నా పురాణం విప్పడం. దుకాణదారు కదా, ఎవరూ ఆపలేకపోయారు. ఇప్పుడు ఒక పాత బోర్డ్ గేమ్‌లోని ఇసుక గడియారం మధ్యలో పెడుతున్నాం. ఇసుక మూడు నిమిషాల్లో జారిపోతుంది. మాట్లాడాలనుకున్న అందరి వంతూ అయ్యాకే రెండోసారి. నాకైతే ఆఖర్లో ఒక్కసారే.

చీటీల డిబ్బీ పెట్టింది కూడా నోరు విప్పని వాళ్ల కోసమే. పేరు రాయక్కర్లేదు. ఈ ఊళ్లో ఎవరి ఆడపడుచు ఎవరికి తెలుసో చెప్పలేం, అందుకే చాలామంది నోరు మెదపరు. డిబ్బీ తెరిస్తే వేరే లోకం కనిపించింది. గదిలో పైకి అడిగేవి పళ్లు, బరువు, మలబద్ధకం. చీటీల్లో వచ్చేవి: "నాకు పాలు చాలట్లేదని అత్తగారు చుట్టాలందరికీ చెప్తున్నారు", "పథ్యం పేరుతో కారం అన్నమే పెడుతున్నారు, నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారు", "మా ఆయన ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా లేవలేదు".

ఒక చీటీలో ఇలా ఉంది: "బిడ్డను చూస్తే నాకేమీ అనిపించట్లేదు. ఏడుస్తున్నా పక్క గదిలోకి వెళ్లి కూర్చుంటున్నాను." నేను పైకి చదివాను. వెంటనే ఒకరు "అందరికీ ఉండేదేలే, నెల తిరిగితే సర్దుకుంటుంది" అన్నారు. ఇంకొకరు దిష్టి తీయించమన్నారు. నేను ఏదో అనబోయి, మాట దొరక్క, తర్వాతి చీటీ తీశాను. అది రాసినవారు ఆ గదిలోనే కూర్చుని విన్నారో, అసలు ఆ వారం రాలేదో తెలియదు. పేరు లేకపోవడం వల్ల రాయగలిగారు. పేరు లేకపోవడం వల్లే నేను వెనక్కి వెళ్లి పలకరించలేకపోయాను. ఈ మధ్య నేను చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇదే.

తర్వాత మన గదికొచ్చే పిల్లల డాక్టరుగారిని అడిగాను. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటుందట, రెండు వారాల్లోపు అదే తగ్గుతుందట. అంతకు మించి సాగితే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, నిద్ర పట్టకపోతే, అది జబ్బు, దానికి వైద్యం ఉంది, ఆలస్యం చేయొద్దన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఏ వేళప్పుడైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడు ప్రతి చీటీ వెనకా అచ్చు వేయించాను. పై అంతస్తులో బాత్రూమ్ తలుపు లోపలివైపు కూడా అంటించాను. ఫోన్ పట్టుకుని ఒంటరిగా నిలబడగలిగే చోటు అదొక్కటే కదా. చీటీ మీద రెండు గడులు కూడా ఉన్నాయి: "సలహా కావాలి", "వింటే చాలు". రెండోది గీసిన చీటీ చదివాక ఎవరూ ఏమీ చెప్పకూడదు. మొదటి వారం అందరికీ నోళ్లు దురద పెట్టాయి. అలవాటైంది.

అడిగిందే మళ్లీ అడుగుతారని పాతవాళ్లు విసుక్కుంటారు. అందుకే జవాబులు రాసిపెట్టే పుస్తకం ఒకటి మొదలుపెట్టి, స్లీప్, న్యూట్రిషన్, బిహేవియర్ అని రంగురంగుల విభాగాలు చేశాను. ఆరు నెలల్లో దాన్ని తెరిచింది మా చిన్నమ్మాయి ఒక్కతే, బొమ్మలు గీయడానికి. తల్లి మనసులో "న్యూట్రిషన్" ఉండదు. "మా బాబుకి ఏడో నెల వచ్చింది" అని ఉంటుంది. ఇప్పుడు పుస్తకాన్ని నెలల వారీగా తిరగరాశాను, అంచున అంకెలు కట్టాను. అక్షరాలు పెద్దవి చేశాను, ఎందుకంటే అసలు చదివేది నాయనమ్మలూ అమ్మమ్మలూ. కుడి పేజీలో తల్లుల అనుభవాలు, ఎడమ పేజీలో డాక్టరుగారు చూసి సరేనన్నవి.

ఎడమ పేజీ వల్ల గొడవలు కూడా వస్తున్నాయి. రెండో నెల పేజీలో "ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు" అని ఉంది. బెజవాడ మే నెల ఎండలో ఈ మాట చెప్పి చూడండి! ఒక అమ్మమ్మగారు పుస్తకం మూసేసి, "మీరు ఏసీలో కూర్చుని రాశారా ఇది?" అన్నారు. తల్లిపాలలో నూటికి 87 వంతుల పైన నీళ్లేనని, ఎండ ఎక్కువైతే ఇంకో రెండుసార్లు పాలిస్తే చాలని డాక్టరుగారు చెప్పాకే ఆవిడ మెత్తబడ్డారు. తేనె దగ్గర మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకిస్తే మాటలు బాగా వస్తాయని ఆవిడ నమ్మకం. ఏడాది నిండనిదే తేనె వద్దన్నది ఎందుకంటే, తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి మన కడుపులో ఏమీ చేయదు గానీ పసిపేగుల్లో పెరిగి విషం తయారుచేయగలదు. దాన్నే బాట్యులిజం అంటారు. అరుదే, వస్తే మాత్రం ఊపిరి మీదికి తెస్తుంది. ఆవిడ ప్రతి వారం వస్తున్నారు, ప్రతి వారం వాదిస్తున్నారు. రావడమే నాకు కావాలి.

సందేశాల విషయంలో క్షమాపణ. మీ ఫోన్లకి వారానికి తొమ్మిది దాకా పంపేదాన్ని, శుభోదయాలు, పండగ బొమ్మలు కలిపి. మీలో చాలామంది సౌండ్ ఆపేశారు, న్యాయమే. దాంతో ఒక శనివారం కబుర్లు రద్దయ్యాయన్న కబురు మీకు చేరలేదు. ఇద్దరు తల్లులు పసిబిడ్డలతో ఆటోలో వచ్చి మూసిన షట్టర్ చూసి వెళ్లారు. వాళ్ల ఆటో డబ్బులు ఇచ్చేశాను, ఆ ఎండ మాత్రం వెనక్కి తీసుకోలేను. ఇకనుంచి వారానికి ఒక్కటే సందేశం, గురువారం. రాసినదీ ఉంటుంది, అరనిమిషం నా గొంతుతో చెప్పినదీ ఉంటుంది, ఒక చేత్తో బిడ్డను పట్టుకున్నవాళ్లు వినేయొచ్చు.

డబ్బు సంగతి. పసిపిల్లల ఆహారం అమ్మే ఒక కంపెనీ మనిషి వచ్చి, గది అద్దె మొత్తం తామే కడతామన్నారు. బదులుగా గోడ మీద వాళ్ల పోస్టర్, వచ్చిన తల్లులకి ఉచిత శాంపిళ్లు. 1,500 నాకు చిన్న మొత్తం కాదు, ఒక రాత్రంతా ఆలోచించాను. పాలపొడి, పాలసీసాలు ఇలా ప్రచారం చేయడం, శాంపిళ్లు పంచడం 1992 నాటి చట్టం ప్రకారమే నేరం, 2003లో దాన్ని ఇంకా బిగించి రెండేళ్లలోపు పిల్లల ఆహారాన్నీ అందులో చేర్చారు. చట్టం సరే, పాలు చాలట్లేదని చీటీ రాసిన అమ్మాయి కళ్లెదురుగా ఆ పోస్టర్ ఉంటే ఎలా? వద్దన్నాను. ఆ అద్దె ఇప్పుడు మీ 30 రూపాయల్లోంచి వస్తుంది. కబుర్లకి రానివాళ్ల మీదా అది పడుతోంది, నాకు తెలుసు. ఇబ్బందైతే చెప్పండి, పాత చందాయే తీసుకుంటాను.

సరికానివి ఉన్నాయి. బాత్రూమ్ ఇంకా పైనే ఉంది. కుట్టుమిషన్ చప్పుడు ఉంటుంది, పిల్లలు దానికే నిద్రపోతున్నారని కొందరంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు. ఆదివారాలకి జనం పలచగా ఉన్నారు. నాన్నలు వస్తున్నారు, గుమ్మం దగ్గర బండి తాళం తిప్పుతూ నిలబడుతున్నారు. ఒకాయనకి ఇసుక గడియారం ఇస్తే మూడు నిమిషాలూ దాన్నే చూశాడు. పర్లేదు, మళ్లీ వచ్చాడు.

ఈ శనివారం ఏడో నెల పేజీ, అంటే ఉగ్గు. ఎవరింట్లో ఎలా చేస్తారో కొలతలు రాసుకుని రండి. పదకొండుకి మొదలు.

ఆ చీటీ రాసినవారు ఇది చదువుతుంటే, నేను పదింటికల్లా కింద గదిలో ఉంటాను. షట్టర్ సగం ఎత్తి ఉంటుంది. గంటసేపు ఇంకెవరూ రారు.