ఒక్క మార్కర్ పాజిటివ్ వచ్చిందని కంగారు పడొద్దు

ఎడిటర్ గారికి,

మీ ఆరోగ్యం పేజీలో మైలోమా (మూలుగలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్) గురించి వేసిన వ్యాసం బాగుంది, కానీ బోన్‌మ్యారో బయాప్సీ రిపోర్టు సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలయ్యేది అక్కడే కదండీ. స్లైడ్లు చూసే పనిలో ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మూలుగలో ప్లాస్మా కణాలను పట్టుకోవడానికి మేం వేసే ముఖ్యమైన రంగు పరీక్ష సీడీ138. ఇలా కణం రకాన్ని పట్టిచ్చే ప్రొటీన్లనే మార్కర్లంటాం. న్యూక్లియస్ నీలంగా ఓ పక్కకి ఒదిగి ఉంటుంది, కణం అంచు చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తుంది. అది చూడగానే ప్లాస్మా కణమే అనిపిస్తుంది, కానీ చాలా కార్సినోమాల్లోనూ (చర్మం, అవయవాల లోపలి పొరల కణాల్లో పుట్టే క్యాన్సర్లు) సీడీ138 పాజిటివ్ వస్తుంది. మరోవైపు, కార్సినోమాకి గుర్తుగా చూసే ఈఎంఏ అనే మార్కర్ ప్లాస్మా కణాల్లో తరచుగానే కనిపిస్తుంది, అలాంటిదే మరో మార్కర్ సైటోకెరాటిన్ కూడా అరుదుగా కొన్ని మైలోమాల్లో చుక్కలా పడుతుంది. ఆ ఒక్క చుక్క చూసి ఎక్కడి నుంచో పాకిన క్యాన్సర్ అని రాసేస్తే వైద్యం దారే మారిపోతుంది!

అందుకే కప్పా, లాంబ్డా (యాంటీబాడీలో ఉండే రెండు రకాల గొలుసులు, ఒక్కో ప్లాస్మా కణం వాటిలో ఒకటే తయారుచేస్తుంది) చూడాలి. మామూలు మూలుగలో కప్పా కణాలు లాంబ్డా కన్నా సుమారు రెండింతలు ఉంటాయి, మైలోమాలో దాదాపు అన్నీ ఒకే రకం. చుట్టూ ఉన్న రక్తద్రవంలోని యాంటీబాడీలకు కూడా రంగు పట్టి ఒక్కోసారి స్లైడంతా మసకగా ఉంటుంది, అప్పుడు ఇన్‌సిటు హైబ్రిడైజేషన్ (ప్రొటీన్‌కి బదులు కణం లోపలి ఆర్ఎన్ఏని చూసే పరీక్ష) చేయిస్తే తేటగా తెలుస్తుంది. ఎముక ముక్కను మెత్తబరచడానికి వాడే ఆమ్లం ఎక్కువైతే అసలు రంగే సరిగ్గా పట్టదు, ఇది చాలామంది పట్టించుకోరు.

బి లింఫోసైట్లనే తెల్లరక్తకణాల మార్కర్ సీడీ20 పాజిటివ్ అని చూసి నెట్‌లో వెతికి లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) అనుకుని భయపడేవాళ్లున్నారు. కొన్ని మైలోమాల్లోనూ అది వస్తుంది, ముఖ్యంగా 11, 14 క్రోమోజోముల ముక్కలు తారుమారైన రకంలో. అందులో సైక్లిన్ డీ1 అనే ప్రొటీన్ కూడా న్యూక్లియస్‌లో కనిపిస్తుంది, క్రోమోజోముల మార్పును మెరిసే రంగులతో చూపే ఫిష్ పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు. ఇక సీడీ56 అనే మరో మార్కర్ అయితే మైలోమాలో సగానికి పైగా మందిలో ఉండేదే.

ల్యాబుల వాళ్లకి నా విన్నపం ఒక్కటే. వింత మార్కర్ వచ్చినప్పుడు ఉత్త 'పాజిటివ్' అని వదిలేయకుండా, అది ఎందుకు వచ్చి ఉండొచ్చో, ఇంకేం పరీక్షలు చేశారో కింద రెండు వాక్యాలు రాయండి. మీరూ వీలైతే రిపోర్టు చదవడం మీదే విడిగా ఒక వ్యాసం వేయండి.

ఒక పాథాలజిస్టు