చెల్లికి ఉత్తరం: ముందు ఇంటి క్యాలెండర్, తర్వాతే సీపీఏ తేదీ

ఎడిసన్, న్యూజెర్సీ
మార్చి 29

చెల్లీ,

నువ్వు అమెరికా అకౌంటెంట్ల లైసెన్సు పరీక్ష సీపీఏ రాయబోతున్నావనీ, నాలుగు పేపర్లూ డిసెంబరు లోపల ముగించాలనుకుంటున్నావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు రాయగలవు. ఆ డిసెంబరు గడువు మాత్రం వద్దు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఏప్రిల్ 15 దాకా టాక్స్ రిటర్నుల గొడవలో నీకు వినే తీరిక ఉండదు కాబట్టి రాసి పంపుతున్నాను. సీజన్ అయ్యాక మరిది గారితో కలిసి కూర్చుని చదువు. ఇందులో సగం పని ఆయనది.

ముందు గడువు సంగతి. ఒక పేపర్ పాసయ్యాక మిగతా మూడూ 18 నెలల్లో అయిపోవాలన్నది పాత నియమం. ఇప్పుడు చాలా రాష్ట్రాలు దాన్ని 30 నెలలకు పెంచాయి. నువ్వు ఏ రాష్ట్ర బోర్డు ద్వారా అప్లై చేస్తున్నావో ఆ బోర్డు నియమం ఒకసారి చూసుకో. అంత గడువు ఉండగా ఎనిమిది నెలల్లో ఊపిరాడకుండా పరిగెత్తడం దేనికి? ఉద్యోగం, పిల్లాడు, ఇల్లు ఉన్న మనిషి పరీక్ష తేదీ ముందు వేసేసుకుని, ఇంటిని దాని చుట్టూ సర్దబోతే రెండూ చెడతాయి. ఆఫీసు సీజన్లు, బుజ్జిగాడి బడి, పెళ్లిళ్లు, పండగలు ముందు క్యాలెండర్‌లో రాయి. మిగిలిన ఖాళీల్లోనే పేపర్లు పెట్టు.

నీది అమెరికా టాక్స్ రిటర్నులు చూసే టీమ్. మార్చి 15కి పార్ట్‌నర్‌షిప్‌లు, ఏప్రిల్ 15కి వ్యక్తులూ కార్పొరేషన్లూ, పొడిగించిన రిటర్నులకు సెప్టెంబరు 15, అక్టోబరు 15. ఆ రెండు సీజన్లలో పుస్తకం తెరవకు. అవి తీసేస్తే లెక్క ఇలా వస్తుంది: ఏప్రిల్ 20న ఫార్ (ఫైనాన్షియల్ అకౌంటింగ్ పేపర్) మొదలుపెట్టి జులై మధ్యలో రాయి. ఆగస్టు నుంచి అక్టోబరు 15 దాకా ఏమీ వద్దు, శ్రావణమాసం పూజలు, పెళ్లిళ్లు, దసరా నిశ్చింతగా చూసుకో. అక్టోబరు 20 నుంచి డిసెంబరు మధ్య దాకా ఆడిట్. సంక్రాంతికి ఊరికి వెళ్లు, తర్వాత మళ్లీ సీజన్. వచ్చే ఏప్రిల్ చివర్లో రెగ్ (టాక్స్, బిజినెస్ చట్టాల పేపర్) పట్టుకుంటే జూన్‌లో రాయొచ్చు, ఆ వేడి మీదే జులైలో టీసీపీ (టాక్స్ ప్లానింగ్ పేపర్). నాలుగో పేపరుగా ఒకటి ఎంచుకోమనే మూడు డిసిప్లిన్ పేపర్లలో నీకు టీసీపీయే నయం. సగం విషయం రెగ్‌లో చదివినదే, మిగతాది రోజూ నీ చేతుల మీదుగా పోయే పనే. కాకపోతే డిసిప్లిన్ పేపర్లు మూడు నెలలకొక విడత మాత్రమే పెడతారు. జులై తప్పితే అక్టోబరు, అది నీకు సీజన్. కాబట్టి జులై తేదీని గట్టిగా పట్టుకో.

ఫార్ ముందు ఎందుకంటే అదే పెద్దది, నీ రోజువారీ పనికి అదే దూరం. గడువు లెక్క కూడా మొదటి పాస్‌తోనే మొదలవుతుంది. జులైలో ఫార్ పోయినా గడియారం ఇంకా తిరగడం మొదలుపెట్టదు. అక్టోబరు 20 నుంచి ఆడిట్ బదులు మళ్లీ ఫార్ చదివి రాస్తావు, అంతే. చిన్న పేపర్లు ముందు పాసై ఫార్‌ని చివరికి నెట్టుకుంటే, ప్రతి ఫెయిల్‌కీ పాత పాస్‌లు చేజారతాయన్న భయం ఇంట్లో అందరికీ పట్టుకుంటుంది.

ఫార్‌కి 150 గంటలు వేసుకో. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు గంటన్నర, శనివారం నాలుగు గంటలు, ఆదివారం రెండు. వారానికి పదమూడున్నర. అంటే 11 వారాలు, జ్వరాలకీ చుట్టాలకీ ఇంకో వారం. ఆడిట్‌కి 90 నుంచి 100 గంటలు చాలు.

ఆ గంటన్నర ఎక్కడి నుంచి తేవాలన్నది అసలు ప్రశ్న. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తానని అమ్మతో అన్నావట. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా షిఫ్ట్ చేసి పదకొండున్నరకి పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే రెండు వారాల్లో మంచాన పడుతుంది, చదివిందీ బుర్రలో నిలవదు. నిద్ర ఏడు గంటలు ఉండాల్సిందే. బుజ్జిగాడు బడికి వెళ్లాక తొమ్మిది నుంచి పదిన్నర నీది. కానీ ఇంట్లో కూర్చుంటే ఆ సమయం దక్కదు. పనమ్మాయి వస్తుంది, గ్యాస్ వస్తుంది, కుక్కర్ పిలుస్తుంది. కూకట్‌పల్లిలో నెలవారీగా సీటు అద్దెకిచ్చే రీడింగ్ రూములు ఉన్నాయి కదా, ఒకటి తీసుకో. అది దండగ ఖర్చు కాదు.

కూర్చున్నాక మొదటి అరగంట పాత పాఠాల మీద 20 ఎంసీక్యూలు చెయ్యి. తర్వాత అరగంట కొత్త పాఠం, చివరి అరగంట దాని మీద మరో 20. ఎక్కువమంది రెండు నెలలు వీడియోలు చూస్తూ గడిపి చివర్లో లెక్కలకు దిగుతారు. అప్పటికి మొదటి అధ్యాయం ఆవిరైపోయి ఉంటుంది. తప్పు చేసిన ప్రతి ప్రశ్నకీ నోటుబుక్‌లో ఒక్క లైను రాయి: విషయం తెలియలేదా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, లెక్క తప్పిందా. ఒకే ప్రశ్నల బ్యాంకును మూడోసారి తిప్పుతుంటే 90 శాతం రావడం చూసి నమ్మకు, జవాబు గుర్తుండి పెడుతున్నావు. నాలుగు ఎంపికల్లో మిగతా మూడూ ఎందుకు కాదో చెప్పగలిగితేనే వచ్చినట్టు. సిమ్యులేషన్లు (కాగితాలు ఇచ్చి ఆఫీసు పనిలా చేయించే పెద్ద ప్రశ్నలు) మూడో వారం నుంచి ప్రతి శనివారం రెండు. ఫార్‌లో సగం మార్కులు వాటివే.

మనకు బీకాంలో అలవాటైనది ఫార్‌లో అడ్డుపడే చోట్లు ఉన్నాయి. యూఎస్ గ్యాప్‌లో, అంటే అమెరికా అకౌంటింగ్ నియమాల్లో, లిఫో (చివర కొన్న సరుకు ముందు అమ్ముడైనట్టు వేసే లెక్క) ఒప్పుకుంటారు. ఆస్తుల విలువను పైకి మార్చి రాయనివ్వరు. ఒకసారి తగ్గించిన సరుకు విలువను తర్వాత పెంచనివ్వరు. డెవలప్‌మెంట్ ఖర్చు మామూలుగా ఖర్చుగానే పోతుంది. వీటికి విడిగా ఒక పేజీ పెట్టుకో. ప్రభుత్వ అకౌంటింగ్ మనకు బొత్తిగా కొత్త, దాన్ని చివరి వారానికి వదిలేయకు.

ఇక ఇంటి సంగతి. శనివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా బుజ్జిగాడు పూర్తిగా మరిది గారి బాధ్యత. పక్క గదిలో ఉంచి చూసుకోవడం కాదు, వాణ్ణి బయటికి తీసుకెళ్లాలి. గోడ అవతల అమ్మ ఉందని తెలిస్తే వాడు తలుపు కొట్టకుండా ఉండడు. ఆదివారం పదింటికి పుస్తకం మూసెయ్, ఆ తర్వాత రోజంతా వాళ్లది. మీ అత్తయ్య గారికి ‘పరీక్షలున్నాయి’ అని ఊరికే అనకు. మొదలయ్యే తేదీ, అయిపోయే తేదీ రెండూ చెప్పు. ఎన్నాళ్లో తెలిస్తే పెద్దవాళ్లు ఓర్చుకుంటారు, తెలియకపోతే ప్రతి శనివారం వాళ్లకు కొత్త కష్టమే. పెళ్లి పిలుపులు వస్తే దగ్గరివాళ్ల ముహూర్తానికి వెళ్లు, మిగతావాటికి మరిది గారు వెళ్తారు.

దరఖాస్తు ఫార్ ఒక్కదానికే చెయ్యి. ఎన్‌టీఎస్ (పరీక్ష తేదీ బుక్ చేసుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం) చాలా రాష్ట్రాల్లో ఆరు నెలలే పనిచేస్తుంది. నాలుగూ ఒకేసారి తీసుకుంటే రాయని పేపర్ల ఫీజు పోతుంది, పైగా ఇండియాలో రాసేవాళ్లకు పేపరుకింతని అంతర్జాతీయ ఫీజు అదనం. ఎన్‌టీఎస్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. నీకు ఇంటిపేరు పాత కాగితాల్లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంది, దాని పని ముందు చూసుకో. హైదరాబాద్‌లో ఈ పరీక్ష పెట్టే ప్రోమెట్రిక్ సెంటర్ ఉంది. 30 రోజుల ముందు వరకూ తేదీ మార్చుకుంటే ఫీజు పడదు. అందుకని పరీక్షకు ఐదు వారాల ముందు ఇద్దరూ కూర్చుని, ఈ తేదీ నిలబడుతుందా లేదా అని తేల్చుకోండి.

పరీక్షకు మూడు వారాల ముందొకటి, పది రోజుల ముందొకటి, నాలుగు గంటల మాక్ టెస్టులు పూర్తిగా రాయి. ఫార్‌లో 50 ఎంసీక్యూలు రెండు భాగాలుగా, ఏడు సిమ్యులేషన్లు మూడు భాగాలుగా వస్తాయి. ఒక భాగం సబ్మిట్ చేశాక వెనక్కి పోలేవు. ఎంసీక్యూలను 70 నిమిషాల్లో ముగిస్తే ఒక్కో సిమ్యులేషన్‌కి 24 నిమిషాలు దొరుకుతాయి. మూడో భాగం తర్వాత ఇచ్చే 15 నిమిషాల విరామంలో గడియారం ఆగుతుంది. తప్పకుండా బయటికి వచ్చి ఏదైనా తిను.

పాస్ మార్కు 75, అది శాతం కాదు. 72 వచ్చినా నలుగురి ముందూ ఏడవకు. ఫెయిలైతే ఏ భాగంలో వెనకబడ్డావో రిపోర్టు ఇస్తారు, దాన్ని బట్టి చదివే గంటలు మళ్లీ పంచుకో.

జులై తేదీ ఖాయం కాగానే నాకు మెసేజ్ పెట్టు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కదా, పరీక్షకు ముందు వారం అమ్మ నీ దగ్గరుండేలా తెనాలి నుంచి సికింద్రాబాద్‌కి టికెట్ నేను తీస్తాను. నాన్న ఒక్కరే ఉండాల్సి వస్తుంది, పిన్ని వాళ్లతో భోజనం సంగతి నేను మాట్లాడతాను.

ప్రేమతో,
అక్క