చినుకు పడితే ఇంటర్వెల్ ఆపాలా?

సంపాదకుడు గారికి,

మా పాప రెండో తరగతి. మొన్న వారమంతా ముసురు పట్టింది. ఐదు రోజులూ ఇంటర్వెల్‌లో పిల్లల్ని గది దాటనివ్వలేదు, బెంచీల్లోనే కూర్చుని రంగులు వేసుకోమన్నారట. నిజంగా వాన కురిసింది రెండు రోజులే. తక్కిన మూడు రోజులూ మబ్బు, చలిగాలి, అంతే.

అడిగితే టీచరు, "జలుబు చేస్తే మీరే కదండీ మమ్మల్ని అడిగేది" అన్నారు. కాదనలేకపోయాను. వాళ్లకి ఆ టెన్షన్ పెట్టింది మాలాంటి తల్లిదండ్రులమే. కానీ జలుబు తెచ్చేది చినుకు కాదు, వైరస్. కిటికీలు మూసిన గదిలో ఒక పిల్లాడు తుమ్మితే అది పక్కవాళ్లకి అంటుకోవడం తేలిక. ఆరుబయట గాలికి చెదిరిపోతుంది.

కళ్ల సంగతి కూడా చూడాలి. తరగతి గదిలో వెలుతురు మామూలుగా 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మబ్బు కమ్మిన పగలు కూడా బయట వెయ్యి దాటుతుంది, చాలాసార్లు కొన్ని వేలుంటుంది. రోజూ కాసేపు ఆ వెలుతురులో గడిపే పిల్లలకి దూరపు చూపు మందగించడం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల ఒళ్లు కదిలే ఆట కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చలికాలంలో ఇల్లు చేరేసరికే చీకటి పడే పిల్లలు ఆ గంటలో కొంతైనా బడిలో కాక ఇంకెక్కడ ఆడతారు? ఫిన్లండ్‌లో మంచు పడుతున్నా చిన్న పిల్లల్ని విరామంలో బయటికే పంపుతారు.

ఎలా ఉన్నా పంపేయమని నేను అనడం లేదు. ఉరుము వినిపిస్తే వెంటనే లోపలికి తేవాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. జడివాన, ఒళ్లు కొయ్యలు చేసే గాలి, జారే నేల ఉంటే వద్దు. ఆస్తమా ఉన్న పిల్లల విషయం వాళ్ల అమ్మానాన్నల్ని అడిగి తేల్చుకోవాలి. ఈ హద్దులు కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెడితే, ఏ రోజుకారోజు నిర్ణయించే భారం టీచరు మీద పడదు.

ఇంకో మాట. స్వెటరు, రెయిన్‌కోటు అందరి ఇళ్లలోనూ ఉండవు. లేని పిల్లాణ్ని ఒక్కణ్నే లోపల కూర్చోబెట్టడం కన్నా అన్యాయం లేదు. చిన్నవైపోయిన మంచి స్వెటర్లు బడికి ఇవ్వమంటే చాలామంది ఇస్తారు, నేనైతే మా పాపవి రెండు తీసి పెట్టాను. తడిస్తే మార్చుకోవడానికి ఒక జత సాక్సులు, తువ్వాలు సంచిలో సర్దే పని కూడా మా ఇంటివాళ్లం చేస్తాం. తలుపు తీయడం మాత్రం బడి చేతిలో ఉంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి