మంటలు చూపించారు, తర్వాతి సంగతీ రాయండి

సంపాదకుల వారికి నమస్కారములు.

2025 సెప్టెంబరులో నేపాల్ అట్టుడికినప్పుడు మీ పత్రిక మొదటి పేజీలో వరుసగా ఆ వార్తలే వచ్చాయి. తర్వాత అవి లోపలి పేజీలకు జరిగాయి, కొన్నాళ్లకు అసలు కనబడకుండా పోయాయి. మంటల ఫొటోలు ప్రచురించినందుకు నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ మంటలు ఆరాక అక్కడ ఏం జరుగుతోందో తెలియక మా ఇంట్లో రెండు నెలల పాటు ఒక చిన్న నిర్ణయం తెమలలేదు. అందుకే ఈ ఉత్తరం.

దసరా సెలవుల్లో ఖాట్మండు, పోఖరా చూసి రావాలని మా అత్తమామలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురం ఆగస్టులోనే డబ్బు కట్టాం. సెప్టెంబరు 8న సామాజిక మాధ్యమాల నిషేధానికి, అవినీతికి వ్యతిరేకంగా యువత వీధుల్లోకి వచ్చింది. ఆ ఒక్క రోజే పోలీసు కాల్పుల్లో 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలి రాజీనామా చేశారు. పార్లమెంటు, ప్రభుత్వ కార్యాలయాలుండే సింహదర్బారు, సుప్రీంకోర్టు కాలిపోయాయి, ఖాట్మండు విమానాశ్రయం మూతపడింది. పరిస్థితి కుదుటపడేవరకు ప్రయాణాలు వాయిదా వేసుకోవాలని మన విదేశాంగ శాఖ సూచించింది. మేమూ యాత్ర రద్దు చేసుకున్నాం. ట్రావెల్స్ వారు సగానికి కాస్త ఎక్కువ మాత్రమే తిరిగి ఇచ్చారు. ఆ తగవు వేరు, దాన్ని ఇక్కడికి తీసుకురాను.

మా వీధిలో ఒక దంపతులు ఆ రోజుల్లో ఖాట్మండులోనే ఉన్నారు. హోటలు మూడో అంతస్తు కిటికీలోంచి నల్లటి పొగ కనిపించిందని, రాత్రి దీపాలు ఆర్పేసి చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకోమని హోటలు కుర్రాడు చెప్పాడని, రెండు రోజులు వంటవాడు అన్నం, పప్పు తప్ప మరేమీ పెట్టలేకపోయినా మనిషిని మాత్రం బయటికి పోనివ్వలేదని ఆవిడ నాకు చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక విమానంలో వారు విశాఖపట్నం చేరారు. హుమ్లా జిల్లా సిమికోట్‌లో చిక్కుకున్న మనవాళ్లనైతే నేపాల్‌గంజ్ మీదుగా లక్నోకు తీసుకురావలసి వచ్చింది. ఆ గుంపుల కోపం పాలకుల మీదే తప్ప యాత్రికుల మీద కాదని చాలామంది అంటారు. చాలావరకు నిజమే. కానీ పశుపతినాథ దర్శనం చేసుకుని తిరిగి వస్తున్న మన ఆంధ్ర యాత్రికుల బస్సు మీద రాళ్లు రువ్వి సామాన్లు దోచుకున్నారని మనమంతా చదివాం. కోపం ఎవరి మీదైనా, రోడ్డున పోయే బస్సుకు దెబ్బ తగలదన్న భరోసా లేదు.

ఇప్పుడు మళ్లీ వెళ్దామా అన్న ప్రశ్న వచ్చింది. ట్రావెల్స్ వారిని అడిగితే, ‘అంతా నార్మలే మేడం, మొన్ననే ఒక బ్యాచ్ వెళ్లొచ్చింది’ అన్నారు. వారు అమ్మేది టికెట్లు కాబట్టి వారి మాటను ఆ మేరకే తీసుకున్నాను. మరోపక్క మా మరిది కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టి, ‘చూశారా వదినా, ఇంకా తగలబడుతూనే ఉంది’ అని రాశాడు. నిదానంగా చూస్తే అది సెప్టెంబరు 9 నాటి పాత వీడియో. అంతా బాగుందనేవారు ఒకరు, అంతా అయిపోయిందనేవారు మరొకరు. ఈ ఇద్దరి మధ్యా నిలబడి ఆరుగురి క్షేమం తేల్చుకోవలసింది మాత్రం మేము.

నాకు తెలిసినంతలో ఇలా ఆలోచించాను. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ సెప్టెంబరు 12న తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. విమానాలు అంతకు ముందే మళ్లీ మొదలయ్యాయి. 2026 మార్చి 5న ఎన్నికలని ప్రకటించారు. ఇవి మంచి కబుర్లే. అయితే ఆ అల్లర్లలో 13 వేల మందికి పైగా ఖైదీలు జైళ్ల నుంచి తప్పించుకున్నారు. ఈ డిసెంబరు నాటికి వారిలో ఇంకా వేలమంది దొరకలేదు. నవంబరులో బారా జిల్లా సిమ్రాలో యువకులకు, ఓలి పార్టీ కార్యకర్తలకు గొడవై కర్ఫ్యూ పెట్టారు. సిమ్రా ఎక్కడుందో పటంలో వెతికితే రక్సౌల్ నుంచి ఖాట్మండు పోయే దారిలోనే, సరిహద్దుకు దగ్గరలో ఉంది. పోఖరాకు దానితో ఏ సంబంధమూ లేదు. దేశం పేరు చెప్పి భయపడటం కంటే, మనం పోయే ఊరు ఏది, ఆ ఊరికి పోయే దారి ఏది అని చూడటం మేలని నాకు అక్కడే అర్థమైంది.

ఇంకొక సంగతి కూడా తెలిసింది. అల్లర్ల గురించి ఇంత తర్కించుకున్న మేము రోడ్ల గురించి ఒక్క మాట అనుకోలేదు. 2024 జులైలో సిమల్తాల్ దగ్గర కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. అదే ఏడాది ఆగస్టులో మహారాష్ట్ర యాత్రికుల బస్సు మర్స్యాంగ్డి నదిలో పడి 27 మంది చనిపోయారు. ఆ రోజుల్లో ఏ ఉద్యమమూ లేదు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు అనుకున్న మా పాత ప్రణాళికలో అసలు ప్రమాదం బహుశా అదే కావచ్చు.

బీమా మాట చెప్పాలి. మేము తీసుకోబోయిన ప్రయాణ బీమా పత్రంలో పన్నెండో పేజీలో, సన్న అక్షరాల్లో, అల్లర్లు, పౌర కల్లోలం వల్ల కలిగే నష్టానికి పరిహారం వర్తించదని ఉంది. అమ్మినవారు ఆ పేజీ తెరిచి చూపించలేదు. గుర్తింపు పత్రాలూ అంతే. నేపాల్‌కు వీసా అక్కరలేదు కదా అని మనవాళ్లు ఆధార్ కార్డు పట్టుకుని విమానాశ్రయానికి పోతారు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టో, ఓటరు గుర్తింపు కార్డో ఉండాలి. 65 దాటినవారికి, 15 లోపు పిల్లలకు మాత్రమే ఆధార్ వంటి ఫొటో కార్డు చాలు. మా పెద్దవాడికి పదహారేళ్లు, వాడికి పాస్‌పోర్టు లేకపోతే బడిలో ప్రధానోపాధ్యాయుల నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం తీసుకోవాలి. ఇరవై ఏళ్లుగా బడిలో పనిచేస్తున్న నాకే ఈ సంగతి మొన్న తెలిసింది.

మా మామగారికి డెబ్బై ఒకటి. ఆయన కోరిక మహాశివరాత్రికి పశుపతినాథుణ్ణి చూడాలని. ఈసారి శివరాత్రి ఫిబ్రవరి 15న వస్తోంది. పోలింగుకు సరిగ్గా 18 రోజుల ముందు, లక్షల మంది చేరే చోటికి, సరిహద్దుల్లో తనిఖీలు ముమ్మరమయ్యే రోజుల్లో, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనను తీసుకుపోవడానికి నేను ఒప్పుకోలేదు. ఆయన రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. చివరికి కనుమ మర్నాడు బయలుదేరి, ఢిల్లీ మీదుగా విమానంలోనే ఖాట్మండు, అక్కడి నుంచి పోఖరా వెళ్లి వారంలో తిరిగి రావాలని నిశ్చయించుకున్నాం. జనవరిలో పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమవుతాయట. దానికి ఒక రోజు అదనంగా పెట్టుకున్నాం. తేదీ మార్చుకునే వీలున్న టికెట్లే తీసుకున్నాం.

మీతో నా విన్నపం ఒక్కటే. ఎన్నికలు అయ్యేవరకు వారానికి ఒకసారైనా నేపాల్‌లో ఏ ఊళ్లో కర్ఫ్యూ ఉంది, సునౌలీ, రక్సౌల్ సరిహద్దులు తెరిచే ఉన్నాయా, మన రాయబార కార్యాలయం ఏం సూచిస్తోంది అన్నవి ఒక మూల చిన్న పెట్టెలో ప్రచురించండి. కార్తీకం నుంచి వేసవి దాకా మన జిల్లాల నుంచి కాశీ, గోరఖ్‌పూర్ మీదుగా అటు పోయేవారు తక్కువేమీ కాదు. మామగారు మాత్రం ఈ శివరాత్రికి ద్రాక్షారామం పోతామన్నారు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
కాకినాడ.
డిసెంబరు 2025.