మూడింటి బరువూ 260 అయితే ఎలాగ?

విజయనగరం, ఆదివారం

ఒరే బావా,

జవాబు ఆలస్యమైపోనాది, ఏమనుకోకు. ఇంట్లో అంతా కులాసా. పైడితల్లమ్మ పండక్కి నువ్వు రావాల్సిందే. మిగతా కబుర్లు తర్వాత, ముందు నీ జీడిమామిడి గుజ్జు సంగతి తేల్చాలి.

అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 259 దగ్గర ఒక్కటే పీక్ వచ్చింది, అదంతా గ్లూకోజ్-6-ఫాస్ఫేటే (ఫాస్ఫేట్ తగిలించుకున్న చక్కెర) అని రాసేశావు. ఆగరా! గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్, గ్లూకోజ్-1-ఫాస్ఫేట్, మూడింటి అణుభారమూ 260 యే. నెగటివ్ మోడ్‌లో ఒక ప్రోటాన్ ఊడిపోతుంది కాబట్టి మూడూ 259 దగ్గరే పడతాయి. విరగ్గొట్టినా 97, 79 ముక్కలు అన్నిట్లోంచీ వస్తాయి. యంత్రానికి ముందుండే వడపోత గొట్టం, అదే కాలమ్, వాటిని విడదీయకపోతే నీ అంకె మూడింటి మొత్తం. హాస్టల్లో ఒకే పేరున్న మన పెద్దోడు, చిన్నోడు గుర్తున్నారా, హాజరు పట్టీలో? అచ్చం అదే.

అందుకే ఎంజైములతో కొలిచి చూడు. 1 సెం.మీ. క్యూవెట్‌లో మొత్తం 1 మి.లీ.: పీహెచ్ 7.6 ట్రైఎథనోలమీన్ బఫర్, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 0.5 మిల్లీమోలార్ ఎన్‌ఏడీపీ, నీ శాంపిల్. 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్ కదలకుండా నిలబడ్డాకే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ వెయ్యి. అది ఒక్కో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌కీ ఒక ఎన్‌ఏడీపీని ఎన్‌ఏడీపీహెచ్‌గా మారుస్తుంది, 340 దగ్గర కాంతిని పీల్చేది ఆ ఎన్‌ఏడీపీహెచ్చే. పెరిగి ఆగినంత మేరా గ్లూకోజ్-6-ఫాస్ఫేట్. ఆ తర్వాత ఫాస్ఫోగ్లూకోజ్ ఐసోమరేజ్, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌ని గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మార్చేది. ఒంటరిగా అయితే అది సమతాస్థితి దగ్గర ఆగిపోతుంది గానీ, పుట్టిందాన్ని పుట్టినట్టు మొదటి ఎంజైము లాగేస్తుంటుంది కాబట్టి ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ అంతా మారిపోతుంది. చివర గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌ని గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మార్చే ఫాస్ఫోగ్లూకోమ్యుటేజ్, దానికి తోడు చిటికెడు గ్లూకోజ్-1,6-బిస్‌ఫాస్ఫేట్: మూడో మెట్టు గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌ది. ఐసోమరేజ్ ముందు వేశావో, మొదటి రెండూ కలిసిపోతాయి, మళ్ళీ విడదీయలేవు.

లెక్క తేలిక. 0.311 పెరిగితే 6.22తో (1 మిల్లీమోలార్ ఎన్‌ఏడీపీహెచ్ 1 సెం.మీ.లో ఇచ్చే రీడింగ్) భాగించు, 0.05 మిల్లీమోలార్, అంటే 1 మి.లీ.లో 50 నానోమోల్. ఎంజైము వేసినప్పుడల్లా పరిమాణం పెరుగుతుంది, అది సరిచేసుకో.

మొదటి మెట్టు ఆగకుండా మెల్లిగా పాకుతోందా? సీసాలోనే తేడా ఉందన్నమాట. డీహైడ్రోజినేజ్‌లో ఐసోమరేజ్ కల్తీ ఉంటే అలాగే పాకుతుంది. 6-ఫాస్ఫోగ్లూకోనేట్ డీహైడ్రోజినేజ్ ఉన్నా అంతే, రెండో ఎన్‌ఏడీపీహెచ్ పుట్టిస్తుంది. ఉత్త ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌కి మొదటి ఎంజైము ఒక్కటీ వేసి చూడు. కొంచెం ఎగిరి ఆగితే సరుకులోనే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కలిసి ఉంది. ఆగకుండా పాకితే ఎంజైము మార్చాలి.

అసలు నాకు భయం నీ గుజ్జులోని వగరు. ఆ టానిన్లు 340 దగ్గర తామే కాంతిని పీల్చుకుంటాయి, పైగా ఎంజైముల్ని పట్టేస్తాయి. చల్లటి పెర్క్లోరిక్ ఆమ్లంతో తీసి, పొటాషియం కార్బొనేట్‌తో తటస్థం చేసి, తెల్లటి మడ్డి దిగేదాకా ఐసులో ఉంచి, పైతేటని టానిన్లని పట్టేసే పీవీపీపీ పొడితో కలిపి తిప్పు. ఆమ్లంలో ఉన్నంతసేపూ వేడి తగలనివ్వకు, గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ విరిగిపోతుంది. మొదటి మెట్టు ఆగాక, ఐసోమరేజ్ వేయకముందే, 20 నానోమోల్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కలిపి చూడు: 0.124 పెరగాలి. తగ్గిందంటే టానిన్ ఇంకా పోలేదు.

పలాస పాసింజర్‌కి వెళ్ళేవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు, ఇది వాళ్ళకిచ్చేయాలి. ఎన్‌ఏడీపీ ద్రావణం ఏరోజుకారోజు కలుపు, ఎంజైము సీసాల్ని ఫ్రీజర్‌లో పెట్టకు, అమ్మోనియం సల్ఫేట్‌లో ఉన్నవి 4 డిగ్రీల దగ్గరే ఉంచు.

ఉంటాను,
నీ బావ