చప్పట్లు కొడితే వినికిడి పరీక్షా?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో శిశు ఆరోగ్య శిబిరం ఫొటో వేశారు. తల్లి ఒళ్లో బిడ్డ, ఆ బిడ్డ ముఖం ముందు చప్పట్లు కొడుతున్న ముఖ్య అతిథి, కింద ‘వినికిడి పరీక్ష’ అని రాత! ఎదురుగా చేతులాడిస్తే బొత్తిగా వినబడని బిడ్డ కూడా రెప్ప కొడుతుంది. చేతులు కంటికి కనబడతాయి, గాలి ముఖానికి తగులుతుంది. ఇళ్లలో జేజమ్మలు వెనక నుంచి పళ్లెం మోగించడం ఇంతకన్నా నయం. కానీ ఒక చెవే వినబడే బిడ్డ, అరకొరగా వినబడే బిడ్డ ఆ మోతకు ఉలిక్కిపడతారు. మాటలోని ‘స’, ‘ష’ లాంటి సన్నటి ధ్వనులు వాళ్లకు అందుతున్నాయో లేదో పళ్లెం చెప్పదు.

పుట్టు చెవుడున్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊఁ, ఆఁ అంటారు, నవ్వుతారు. అనుమానం రానిది అందుకే. తేడా ఆరు నెలలు దాటాక బయటపడుతుంది. వినే బిడ్డ ‘బబబ’, ‘దదద’ అని మొదలుపెడుతుంది, వినని బిడ్డ ఉన్న సద్దూ తగ్గిస్తుంది. ఆరు నెలలకు కనబడని వైపు నుంచి పిలిస్తే తల తిప్పాలి, ఏడాదికి పేరుకు పలకాలి. అవి లేకుంటే ‘వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యమే’ అంటూ నాలుకకు వస రాసుకుంటూ కూర్చోవద్దు. వస చెవికి చేసేదేమీ లేదు.

అసలు పరీక్ష ఓఏఈ. పాలు తాగి నిద్రపోయిన బిడ్డ చెవిలో మెత్తటి టిప్ పెడితే, లోపలి చెవి తిరిగి పంపే ధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. కొన్ని నిమిషాల పని. పుట్టిన మొదటి రోజే చేస్తే చెవిలోని తెల్లటి జిగురు అడ్డొస్తుంది. టిప్ వదులైనా, ప్రోబ్ (టిప్ తొడిగే కొన) రంధ్రంలో గులిమి చేరినా, వార్డులో గోల ఉన్నా ‘రిఫర్’ అనే వస్తుంది. అంటే చెవుడని కాదు, మళ్లీ చేయాలని. రెండోసారీ అదే వస్తే బెరా చేయాలి, అంటే ధ్వనికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచే పరీక్ష. ఐదు రోజులకు మించి ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగంలో) ఉన్న బిడ్డకు, కామెర్లకు రక్తం మార్చిన బిడ్డకు ఓఏఈ పాసైనా బెరా తప్పదు. లోపం నరంలో ఉంటే ఓఏఈకి చిక్కదు. పుట్టు చెవుడు ముప్పు పెంచే మేనరికాలు ఇన్ని ఉన్న మన సీమలో దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం అన్నది చాలా దేశాలు పాటించే లెక్క. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల్లో లోపాలను, జబ్బులను ముందే కనిపెట్టే ప్రభుత్వ కార్యక్రమం) జాబితాలో పుట్టు చెవుడూ ఉంది. మరి ఓఏఈ యంత్రం ఏ బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో, టిప్‌లు అయిపోతే ఎవరు తెప్పిస్తారో అధికారులు చెప్పాలి గదా! ఆలూరు, ఆదోని నుంచి బెరాకు కర్నూలు దాకా వచ్చిన తల్లికి, బిడ్డ నిద్రపోలేదు మళ్లీ రమ్మంటే బస్సు ఛార్జీ ఎవరిస్తారు? వేళకు కనిపెట్టే దిక్కు లేదు గానీ, చెవుడు ఎంత శాతమో తేల్చే సదరం కాగితాలకు మాత్రం కొదవ లేదు.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా టీకాకు బిడ్డను ఎలాగూ తెస్తారు. ఆ రోజు ఏఎన్‌ఎం రెండే అడగాలి: ‘బబబ’ అంటోందా, వెనక నుంచి పిలిస్తే తిరుగుతోందా? లేదంటే అక్కడికక్కడే రెఫరల్ చీటీ రాయాలి. జిల్లా వైద్యాధికారులు ఈ మేరకు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా