డైమెన్షన్ మీద టైప్ చేసిన అంకె: సాంకేతిక విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను 22 ఏళ్లుగా డ్రాఫ్టింగ్ పనిలో ఉన్నాను. మొదట డ్రాఫ్ట్స్‌మన్‌గా గీశాను, ఇప్పుడు ఇతరులు గీసిన డ్రాయింగులు చెక్ చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేది కూడా నేనే. డ్రాఫ్టింగ్ కోర్సు చదివే ప్రతి విద్యార్థికీ డైమెన్షన్లు (డ్రాయింగు మీద చూపించే కొలతలు) వేయడానికి, వేసినవి సరిచూడటానికి సొంతంగా స్క్రిప్టు (కంప్యూటరు చేత ఆ పని చేయించే చిన్న ప్రోగ్రాం) రాసుకోవడం నేర్పించమని అడగడానికే ఈ లేఖ.

ఎందుకు అడుగుతున్నానో జరిగిన విషయంతోనే చెబుతాను. అది ఒక స్టీల్ కాలమ్ కింద వేసే బేస్ ప్లేటు డ్రాయింగు. నాలుగు బోల్టులు, సెంటర్ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు. డిజైన్ మారి అది 320 అయింది. తెల్లారేసరికి రివిజన్ వెళ్లాలన్న టెన్షన్‌లో మా కుర్రాడు రంధ్రాలు జరపలేదు. డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి, 300 ఉన్నచోట 320 అని టైప్ చేశాడు. కాగితం మీద అంతా సరిగ్గానే కనిపించింది. సైట్‌లో వాళ్లు ఆ అంకె చూసి, ఫౌండేషన్‌లో బోల్టులు 320 దూరంలో నిలబెట్టి కాంక్రీటు పోశారు. ప్లేటు కోసే మెషీన్‌కి మాత్రం అంకెలతో పనిలేదు, ఫైల్లో గీతలు ఎక్కడుంటే అక్కడే కోస్తుంది. రంధ్రాలు 300 దగ్గర పడ్డాయి. ప్లేటు బోల్టుల మీద కూర్చోలేదు. ఆ డ్రాయింగు చెక్ చేసి సంతకం పెట్టింది నేనే. ఆ రోజు తలెత్తి చూడలేకపోయిన ఆ కుర్రాడు నాకింకా గుర్తున్నాడు.

కంటితో చూసి ఈ తప్పు పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే కంటికి కనిపించేది ఆ టైప్ చేసిన అంకే. అందుకే మేం డ్రాయింగులు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌లో పదిహేను లైన్ల స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. ఆటోకాడ్ ఫైల్లో ప్రతి డైమెన్షన్ వెనకాల రెండు విషయాలు విడివిడిగా ఉంటాయి. 42వ కోడ్ కింద అసలు కొలత, 1వ కోడ్ కింద మనిషి టైప్ చేసిన మాట. ఎవరూ ఏమీ మార్చకపోతే ఈ రెండోది ఖాళీ. నా స్క్రిప్టు డైమెన్షన్లన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి, అది ఖాళీగా లేనివాటిని ఎర్రరంగులోకి మారుస్తుంది, అంతే. వందల డైమెన్షన్లున్న షీటైనా రెప్పపాటులో తేలిపోతుంది. ఆ రోజు ఇది నా దగ్గర ఉండి ఉంటే షీటు మొత్తంలో ఆ ఒక్క 320 ఎర్రగా కనిపించేది.

ఇదేమీ కొత్త విద్య కాదండీ. ఆటోకాడ్‌లోకి ఆటోలిస్ప్ వచ్చింది 1986లో. అయినా కోర్సు పూర్తిచేసి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు. రెండు పాయింట్లు క్లిక్ చేయడం, మూడో క్లిక్‌తో డైమెన్షన్ లైను పెట్టడం, మళ్లీ అదే. రోజంతా అదే.

స్క్రిప్టు ఇస్తే పిల్లలకు డైమెన్షన్ వేయడం రాకుండా పోతుందని కొందరు అధ్యాపకుల భయం. నేను చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక ప్లేటు మీద వరసగా పది రంధ్రాలున్నాయనుకోండి. అంచు నుంచి మొదటిదానికి, అక్కడి నుంచి రెండోదానికి, ఇలా గొలుసుకట్టుగా కొలతలిస్తే, ఒక్కో కొలతకు 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ అనుమతించినా, పదో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా 1 మిల్లీమీటరు దాకా పేరుకోవచ్చు. అన్నిటికీ ఒకే అంచు నుంచి ఇస్తే, ఆ అంచు నుంచి ఏ రంధ్రం దూరంలోనైనా తేడా 0.1 లోపలే ఉంటుంది. చేత్తో క్లిక్ చేసేవాళ్లు అలవాటు కొద్దీ ఏదో ఒక పద్ధతిలో వెళ్లిపోతారు. స్క్రిప్టు రాసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు, ముందే తేల్చుకోవాలి.

పోయినేడు నా దగ్గర చేరిన ఒక అమ్మాయి సరిగ్గా ఇలాంటి ప్లేటుకే స్క్రిప్టు రాసింది. మొదటిసారి నడిపితే డైమెన్షన్లు పక్క పాయింట్లకు అతుక్కున్నాయి. ఓ-స్నాప్ (పాయింటును దగ్గర్లోని గీతల కొసలకు, సెంటర్లకు లాగే సెట్టింగ్) ఆన్‌లో ఉండిపోవడమే కారణం. దాని విలువ ముందు దాచుకుని, సున్నా చేసి, పనయ్యాక మళ్లీ యథాస్థానంలో పెట్టాలని, మధ్యలో ఎవరైనా ఎస్కేప్ నొక్కినా అది తిరిగి రావాలని ఆ పూటే నేర్చుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "సార్, ఏ అంచు నుంచి మొదలుపెట్టమంటారు? ఈ ప్లేటు దేనికి ఆనుకుంటుంది?" అని అడిగింది. అన్నేళ్లుగా పిల్లలకు పని నేర్పుతున్నాను, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. డ్రాఫ్టింగ్ అంటే ఆ ప్రశ్నేనండీ.

ఖర్చు విషయం పెద్దగా ఆలోచించనక్కర్లేదు. ఆటోకాడ్‌లో చవక రకమైన ఆటోకాడ్ ఎల్‌టీలో కూడా 2024 వెర్షన్ నుంచి ఆటోలిస్ప్ పనిచేస్తోంది. అది లేనిచోట ఉచితంగా దొరికే ఫ్రీకాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో పైథాన్ భాషతో నేర్పవచ్చు. వైరస్ భయంతో ల్యాబుల్లో స్క్రిప్టులు లోడ్ చేయనివ్వరు, ఆ భయం నిజమైనదే, ఆటోలిస్ప్ ఫైళ్ల ద్వారా పాకే వైరస్‌లు ఉన్నాయి. కానీ నమ్మకమైన ఫోల్డర్ల నుంచి మాత్రమే లోడ్ అయ్యేలా కట్టడి చేసే సెట్టింగ్ ఆటోకాడ్‌లోనే ఉంది. అది పెట్టించి ల్యాబులు తెరవండి.

నేను అడిగేది ఒక సెమిస్టర్‌లో నాలుగైదు ల్యాబ్ క్లాసులు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్న. విద్యార్థి చేతికి టైప్ చేసిన అంకెలు దాగి ఉన్న డ్రాయింగు ఇచ్చి, వాటిని పట్టుకునే స్క్రిప్టు రాయమనండి. ఎన్ని డైమెన్షన్లు వేశాడని కాకుండా, ఎన్ని తప్పులు పట్టాడన్నదానికి మార్కులివ్వండి.

మీ సిలబస్ కమిటీ ముందు ఈ స్క్రిప్టు నడిపి చూపించడానికి ఎప్పుడు పిలిచినా వస్తాను. నా ఫైళ్లు వద్దు, మీ శాఖలో వాడిన పాత డ్రాయింగు ఏదైనా ఒకటి తెప్పించండి. ఎన్ని ఎర్రగా మారతాయో అక్కడే కూర్చుని లెక్కపెడదాం.

భవదీయుడు,
ఒక డ్రాయింగ్ చెకర్